తెరమీది పటం: ఏది కనబడాలి, ఏది తగ్గాలి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా భారత వాతావరణ శాఖ వర్షపాతం పటం పేపర్లలో, టీవీల్లో, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఏ జిల్లాలో మామూలు కంటే ఎంత ఎక్కువ పడింది, ఎంత తక్కువ పడింది అన్నది రంగుల్లో చెప్పే పటం అది. మామూలు వాన పడిన జిల్లాకు ఆకుపచ్చ. 20 నుంచి 59 శాతం లోటున్న జిల్లాకు ఎరుపు. లోటు 60 శాతానికి చేరితే పసుపు. అంటే బాగా ఎండిన జిల్లా పసుపులో ఉంటుంది, దానికంటే నయంగా ఉన్న పొరుగు జిల్లా ఎర్రగా ప్రమాదం చాటుతూ ఉంటుంది. కింద ఉన్న సూచిక చదివితే సంగతి తెలుస్తుంది, నిజమే. కానీ పటాన్ని ముందు చదివేది కన్ను. సూచిక దాకా పోయేది ఆ తరవాత, అదీ కొందరే.

డిజిటల్ పటాల రూపకల్పన అనగానే చాలామంది అందం గురించి మాట్లాడతారు. అసలు ప్రశ్న వేరే ఉంది. చూడగానే కంటికి అందే అర్థమూ, వెనక ఉన్న లెక్కలు చెప్పే అర్థమూ ఒకటేనా? ఈ ప్రశ్న మీద డెబ్బై ఏళ్లకు పైగా పని జరిగింది. అందులో ఎక్కువ భాగం కాగితం పటాల కోసం జరిగిందే. ఇప్పుడు పటం ఫోన్లోకి వచ్చింది. చూసేవారే దాన్ని పెద్దది చేస్తారు, చిన్నది చేస్తారు, తిప్పుతారు. పాత సూత్రాల్లో ఏవి నిలిచాయి, కొత్తవి ఎక్కడ కావలసి వచ్చాయి, తెలుగు చదివేవారి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ తెగాయి అన్నది ఒకసారి మొత్తంగా చూడాలి. నా అంచనా ముందే చెబుతాను. సూత్రాలు చాలావరకు నిలిచాయి. రంగుల విషయంలో తెలిసి కూడా పాటించడం లేదు. అక్షరాల విషయంలో మాత్రం మన లిపిని లెక్కలోకి తీసుకున్నవారే తక్కువ.

పునాది వేసినవారిలో ఇద్దరి దారులు వేరు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త ఆర్థర్ రాబిన్సన్ రెండో ప్రపంచ యుద్ధంలో పటాల విభాగం నడిపిన మనిషి. 1952లో వచ్చిన ‘ది లుక్ ఆఫ్ మ్యాప్స్’లో ఆయన అన్నది సూటిగా ఉంటుంది: అక్షరం, రంగు, గీత ఎలా ఉండాలో గీసేవారి అభిరుచికీ ఆనవాయితీకీ వదలొద్దు, చదివేవారి మీద ప్రయోగం చేసి తేల్చండి. ఫ్రాన్స్‌లో జాక్ బెర్టాన్ 1967లో తన ‘సెమియాలజీ గ్రాఫీక్’లో ప్రయోగాల జోలికి పోకుండా తర్కంతో ఒక వ్యవస్థ కట్టాడు. పటం మీద ఒక గుర్తును మార్చగలిగే తీరులు కొన్నే అన్నాడు: స్థానం, పరిమాణం, ముదురు-లేత, అల్లిక, రంగు, దిశ, ఆకారం. ఎక్కువ-తక్కువలు చెప్పాలంటే పరిమాణమూ ముదురు-లేతలూ పనికొస్తాయి. రకాలు వేరుచేసి చూపాలంటే రంగూ ఆకారమూ పనికొస్తాయి. ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే పటం తప్పు చదివిస్తుంది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు మనుషుల మీద పరీక్షించి, కన్ను స్థానాన్నీ పొడవునూ పోల్చినంత కచ్చితంగా వైశాల్యాన్నీ రంగునూ పోల్చలేదని చూపించారు. తర్కమూ ప్రయోగమూ ఈ విషయంలో చాలావరకు ఒకచోటికే చేరాయి. వాన పటంలోని లోపాన్ని బెర్టాన్ మాటల్లోనే చెప్పవచ్చు: ఎక్కువ-తక్కువల పనిని రంగుల మార్పుకు అప్పగించారు.

తెరమీది పటానికి మొట్టమొదటి సూత్రం ముందు-వెనకల తేడా. ఏ పటంలోనైనా ఒకటి కథ, మిగతాది నేపథ్యం. ఆసుపత్రులు చూపే పటంలో ఆసుపత్రులు ముందుకు రావాలి, రోడ్లు వెనక్కి తగ్గాలి. పటాల సాఫ్ట్‌వేర్ చేసే ఎస్రి సంస్థ 2011లో లేత బూడిద రంగు నేపథ్య పటం విడుదల చేసింది. అందులో పేర్లు తక్కువ, గీతలు లేత, రంగులు దాదాపు లేవు. సమాచారాన్ని పైన పరిచేవారికి అది గొప్ప ఉపకారం. మనవైపు ప్రభుత్వ డ్యాష్‌బోర్డులు చూస్తే ఉపగ్రహ చిత్రం మీదనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు పరుస్తుంటారు. అడవి ఆకుపచ్చా, చుక్క ఆకుపచ్చా కలిసిపోయి కన్ను దేన్ని పట్టుకోవాలో తెలియక తడబడుతుంది.

గూగుల్ మ్యాప్స్ 2023 చివర్లో రంగులు మార్చినప్పుడు జరిగిన చర్చ కూడా ఇదే. పసుపు, తెలుపు రోడ్లు బూడిద రంగులోకి వెళ్లాయి, నీళ్లకు ఆకుపచ్చ కలిసిన నీలం వచ్చింది. చల్లగా, నిర్జీవంగా ఉందని చాలామంది గొణిగారు. నా మాట ఇది: దారి అడిగి బండి నడిపేవారికి ఆ మార్పు మేలే, బూడిద రోడ్ల మీద నీలి దారి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దారి అడగకుండా ఊరిని తెలుసుకుందామని చూసేవారికి మాత్రం పెద్ద రోడ్డుకూ సందుకూ తేడా తగ్గింది. ఒకే పటం రెండు పనులు చేయబోతే ఒకరికి నష్టం తప్పదు. ఇంతకుముందు యాపిల్ పటాల మీద పనిచేసిన జస్టిన్ ఒబైర్న్ 2016లో గూగుల్ పటాలను 2010 నాటివాటి పక్కన పెట్టి చూపాడు. ఆరేళ్లలో రోడ్లు పెరిగాయి, ఊళ్ల పేర్లు తగ్గాయి. పటం క్రమంగా దేశాన్ని చూపడం మాని దారిని చూపడం మొదలుపెట్టిందన్నమాట.

నేపథ్యానికి వేసే రంగు కూడా ఒక మాట చెబుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో నీళ్లున్న చోటుకు నీలం, ఎండిన వాగుకు నలుపు గీత వాడే పద్ధతి ఉంది. సాగుభూమి పసుపు, అడవి ఆకుపచ్చ, ఎత్తులు చెప్పే గీతలు గోధుమ రంగు. ఈ దేశంలో ఏరంటే ఏడాది పొడుగునా పారేది కాదని ఆ షీట్లు గీసినవారికి తెలుసు. ప్రపంచమంతటికీ ఒకే రంగుల పట్టికతో వచ్చిన ఫోన్ పటం అనంతపురం జిల్లాలో చిత్రావతికీ, గోదావరి జిల్లాల్లో కాలవకూ ఒకే నీలం వేస్తుంది. వేసవిలో పిల్లలు క్రికెట్ ఆడే చెరువు కూడా అందులో నిండు నీలమే. రెండు సిరాలతో కాగితం సాధించినదాన్ని లక్షల రంగులున్న తెర వదులుకోవడం నాకు బాధగానే ఉంటుంది. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏటికి ‘రుతువును బట్టి పారేది’ అని గుర్తు పెట్టే వీలుంది. పెట్టేవారు కావాలి, ఆ గుర్తును తెగిన గీతగా చూపే పటాలు కావాలి.

కాగితానికీ తెరకూ అసలైన తేడా స్కేలు దగ్గర వచ్చింది. వెబ్ పటం చాలాకాలంగా 256 పిక్సెళ్ల చదరపు పలకలుగా వస్తోంది. జూమ్ సున్నా మెట్టులో ఉంటే ప్రపంచమంతా ఒకే పలక. ఒక్కో మెట్టు దిగితే ఒక్కో పలక నాలుగవుతుంది. పదో మెట్టుకు 10,48,576 పలకలు. పద్దెనిమిదో మెట్టుకు 6,800 కోట్లు దాటుతాయి. ఇన్నింటిని చేత్తో దిద్దే మనిషి లేడు. పటం చేసే కార్టోగ్రాఫర్ ఇప్పుడు గీత గీయడు, నియమం రాస్తాడు: ఈ మెట్టులో జాతీయ రహదారులు, ఆ మెట్టు దిగితే జిల్లా రోడ్లు, ఇంకా దిగితే సందులు. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ ట్యోప్ఫర్ 1960లలో ఇచ్చిన లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. 1:50,000 పటంలోంచి 1:2,00,000 పటం తయారుచేస్తే వస్తువుల్లో సుమారు సగం మిగలాలి అంటుంది ఆ లెక్క. చోటు మాత్రం పదహారో వంతుకు తగ్గుతుంది. కాబట్టి ఎంత వదిలినా ఇరుకు తప్పదు. వదలడమే ఇక్కడ అసలు విద్య.

దేన్ని వదలాలి అన్నది యంత్రానికి జనాభా లెక్కల్లో సులువుగా దొరుకుతుంది. జనం ఎక్కువున్న ఊరు ముందు, తక్కువున్నది వెనక. ఆ లెక్కన రాష్ట్రమంతా తెరమీద పట్టే మెట్టులో శ్రీశైలం పేరు రాదు, భద్రాచలం రాదు. కానీ మన మనసులోని పటంలో అవి ఎప్పుడూ పెద్ద ఊళ్లే. ఏ ఊరు పెద్దది అన్నది సంపాదకుడి నిర్ణయం. సంపాదకుడు లేనిచోట ఆ నిర్ణయం ఒక పట్టికలోని అంకె చేస్తుంది. స్థానికంగా పటాలు చేసేవారు తమ ఊళ్ల వరుసను తామే రాసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు, సాయంత్రం కూర్చుంటే అయ్యే పని.

దారి చెప్పే తీరు కూడా ఇలాంటిదే. కెవిన్ లించ్ 1960లో ‘ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ’లో మనుషులు ఊరిని దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లుగా గుర్తుపెట్టుకుంటారని చెప్పాడు. మన దగ్గర ఆనవాళ్లదే పెత్తనం. వాటర్ ట్యాంక్ దాటాక ఎడమకు, రామాలయం పక్క సందు, కిరాణా కొట్టు ఎదురిల్లు. వీధి పేర్లతో దారి చెప్పడానికి అలవాటుపడిన గూగుల్ 2009లో భారతదేశం కోసం ఆనవాళ్లతో దారి చెప్పడం మొదలుపెట్టింది. పటం మీద గుడి, మసీదు, చర్చి, సినిమా హాలు, పెద్ద చెట్టు ముందు మెట్లలోనే కనబడాలన్న సూత్రం మనకు మొదటి వరుసలోది. దుకాణాల ప్రకటనలు ఆ చోటు ఆక్రమిస్తున్న కొద్దీ అది వెనక్కి పోతోంది.

ఇక భూగోళాన్ని తెరమీద పరిచే పద్ధతి, అంటే ప్రొజెక్షన్. దీని మీద గొడవ ఎక్కువ, మనకు అవసరమైనది తక్కువ. 1569లో ఓడల కోసం మెర్కేటర్ చేసిన పద్ధతినే వెబ్ పటాలు తీసుకున్నాయి, ఎందుకంటే అందులో వీధుల మలుపులు ఎక్కడైనా సరైన కోణంలో ఉంటాయి, చదరపు పలకలుగా కోయడం తేలిక. దానికి మూల్యం, ఉత్తరానికి పోయే కొద్దీ దేశాలు ఉబ్బుతాయి. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉండే గ్రీన్‌లాండ్ దాని సమానంగా కనబడుతుంది. మన దేశంలోపలే చూడండి: కన్యాకుమారి దగ్గర ఒక చదరపు కిలోమీటరు ఎంత కనబడుతుందో, లేహ్ దగ్గర అదే చదరపు కిలోమీటరు సుమారు 43 శాతం ఎక్కువ కనబడుతుంది. దారి వెతకడానికి ఇది అడ్డం కాదు. దేశమంతటి పంటలనో ఓట్లనో రంగుల్లో పోల్చే పటానికి మాత్రం తప్పే. అలాంటివాటికి వైశాల్యం చెడని ప్రొజెక్షన్ వాడాలి, ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లలో అది ఒక్క మీట దూరం. గూగుల్ కూడా 2018లో డెస్క్‌టాప్ మీద పూర్తిగా వెనక్కి జరిపితే గోళం కనబడేలా మార్చింది.

రంగుల దగ్గరికి వస్తే, ఇక్కడ జ్ఞానం కొరవడలేదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సింథియా బ్రూవర్ తన సహచరులతో కలిసి చేసిన కలర్‌బ్రూవర్ అనే రంగుల ఎంపిక సాధనం ఇరవై ఏళ్లకు పైగా ఉచితంగా అందుబాటులో ఉంది. అది చెప్పేది మూడు ముక్కల్లో వస్తుంది. లెక్క ఒకే దిశలో పెరిగితే ఒకే రంగు లేత నుంచి ముదురుకు పోవాలి. మధ్యలో ఒక మామూలు స్థాయి ఉండి అటూ ఇటూ పోతే, నడుమ లేత రంగు, రెండు చివరలా రెండు వేరు రంగులు ముదరాలి. రకాలు మాత్రమే చెబుతుంటే సమాన బరువున్న వేరువేరు రంగులు వాడాలి. వాన పటం రెండో రకానిది. మామూలు వాన దగ్గర తెలుపో లేత బూడిదో పెట్టి, లోటు పెరిగే కొద్దీ గోధుమ రంగు ముదురుతూ, ఎక్కువ పడిన కొద్దీ నీలం ముదురుతూ పోతే సూచిక చదవకుండానే పిల్లవాడికీ అర్థమవుతుంది.

ఆ పటంలో ఇంకో చిక్కుంది. మామూలు వాన అంటే సగటుకు 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ దాకా. ఇరవై శాతం లోటు వచ్చిందంటే రంగు ఒక్కసారిగా ఆకుపచ్చ నుంచి ఎరుపుకు దూకుతుంది. ఒక్క శాతం తేడా ఉన్న రెండు పక్క జిల్లాల్లో ఒకటి క్షేమంగా, ఒకటి కరువులో ఉన్నట్టు కనబడతాయి. అంచెలుగా విడగొట్టే ప్రతి పటంలోనూ ఈ ఇబ్బంది ఉంటుంది. అందుకే అమెరికా భూగోళవేత్త వాల్డో టోబ్లర్ 1973లోనే అంచెలు లేకుండా రంగు జారుతూ పోయే పటాలను ప్రతిపాదించాడు. అంచెలు లేకపోతే ఫలానా జిల్లా రంగు ఎంత విలువో సూచికలో వెతికి పట్టుకోవడం కష్టమని ఎదుటివారి వాదన. ఆ వాదన కాగితానికి సరే. తెరమీద జిల్లాను తాకితే అంకె వస్తుంది కాబట్టి ఈ విషయంలో టోబ్లర్ వైపే మొగ్గు చూపుతాను. వాన పటాన్ని ఉన్నది ఉన్నట్టు కొనసాగించడానికి ఒక న్యాయమైన కారణం ఉంది: ఏళ్ల తరబడి అలవాటుపడిన అధికారులకూ, పాత పటాలతో పోల్చి చూసేవారికీ రంగులు మారితే తికమక. కానీ కొత్తగా చూసే ప్రతి తరమూ తప్పు చదవడం అంతకంటే పెద్ద నష్టం.

ఎరుపు-ఆకుపచ్చల జంటకు మరో అభ్యంతరం ఉంది. ఉత్తర ఐరోపా సంతతి మగవారిలో సుమారు 8 శాతం మందికి ఈ రెండూ సరిగ్గా విడిపడవు. మన దేశంలో అంతకంటే తక్కువే అయినా, కోట్ల జనంలో ఆ కొద్ది శాతమే లక్షల మంది. ఇంద్రధనుస్సు రంగుల స్కేలుకూ ఇదే జబ్బు, పైగా నడుమ పసుపు దగ్గర లేని గీత ఒకటి ఉన్నట్టు కన్ను పొరబడుతుంది. దానికి బదులుగా, గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ బృందం 2015లో ఊదా నుంచి పసుపుకు సమంగా వెలుగు పెరిగే విరిడిస్ అనే స్కేలు ఇచ్చింది. నలుపు-తెలుపు ప్రింట్ తీసినా దాని వరుస చెడదు. జెరాక్స్ కాపీ మీద పని జరిగే మన ఆఫీసుల్లో ఇది చిన్న లాభం కాదు.

రంగు సరిగ్గా వేసినా, దేని మీద వేస్తున్నామన్నది మిగులుతుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఆదిలాబాద్ జిల్లా 16,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది, జనాభా సుమారు 27.4 లక్షలు. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 39.4 లక్షలు. ‘ఎంతమంది’ అన్న లెక్కను జిల్లా మొత్తానికి రంగుగా వేస్తే, డెబ్బై రెట్లు పెద్దదైన ఆదిలాబాద్ పటాన్నంతా ఆక్రమిస్తుంది. ఎక్కువ జనం ఉన్న హైదరాబాద్ వేలి గోరంత చుక్కగా మిగిలిపోతుంది. కాబట్టి జిల్లాకు రంగు వేస్తే వేసేది రేటు కావాలి: చదరపు కిలోమీటరుకు ఇంతమంది, వెయ్యికి ఇంతమంది, నూటికి ఇన్ని ఓట్లు. మొత్తం సంఖ్య చెప్పాలంటే జిల్లా నడుమ వృత్తం గీయాలి. 2020లో కరోనా మొదలైనప్పుడు ప్రపంచమంతటా ఈ సూత్రం గాలికి పోయింది. కేసుల మొత్తాలను దేశాలకూ జిల్లాలకూ ముదురు ఎరుపుగా పూసి జనాన్ని భయపెట్టారు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ డ్యాష్‌బోర్డు వృత్తాలు వాడింది, అది పద్ధతే. కానీ నల్లని నేపథ్యం మీద రక్తపు ఎరుపు వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడి, ఖండాలే మునిగినట్టు కనబడ్డాయి.

వృత్తాలతోనూ చిన్న మెలిక ఉంది. రెట్టింపు వైశాల్యమున్న వృత్తాన్ని కన్ను రెట్టింపు కంటే తక్కువగానే అంచనా వేస్తుంది. జేమ్స్ ఫ్లానరీ 1950లలో ఇది కొలిచి, పెద్ద వృత్తాలను కాస్త పెంచి గీయమన్నాడు. పెంచాలా వద్దా అన్న వాదన ఇంకా తెగలేదు. అంకె కూడా రాసేస్తే గొడవే ఉండదు.

జిల్లాలు మారడం తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత సరిహద్దుల మీద 2011 అక్షరాస్యత, కొత్త సరిహద్దుల మీద నిన్నటి అంకెలు పక్కపక్కన పెట్టి అభివృద్ధి అని రాసే పటాలు చూస్తున్నాం. సరిహద్దు మారితే జనం మారకుండానే రంగు మారిపోతుంది. రెండు రాష్ట్రాల ప్రణాళికా సంస్థలూ వానను మండలాలవారీగా ప్రకటిస్తున్నాయి. పోలిక మండలం స్థాయిలో చేస్తే చాలా తప్పులు తగ్గుతాయి.

ఇప్పుడు అక్షరాలు. పటం మీద పేర్లు ఎక్కడ పెట్టాలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ 1962లో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రామాణికం. ఊరి చుక్కకు కుడివైపు, కాస్త పైన పెట్టడం ఉత్తమం. ఏటి పేరు ఏటి వంపును అనుసరించాలి. ప్రాంతం పేరు ఆ ప్రాంతమంతటా పరుచుకోవాలి. పేరు దేనిదో అనుమానం రాకూడదు. ఇవన్నీ రోమన్ లిపిని మనసులో పెట్టుకుని చెప్పినవి. ఆ లిపికి పెద్దబడి (క్యాపిటల్) ఉంది, చిన్నబడి ఉంది, వాలు అక్షరం (ఇటాలిక్) ఉంది. రాజధాని పెద్దబడిలో, ఊరు చిన్నబడిలో, నీరు వాలుగా రాస్తే వరుస తనంతట తానే ఏర్పడుతుంది. తెలుగుకు ఈ మూడూ లేవు. యంత్రం వాల్చిన తెలుగు అక్షరం చదవడానికి ఇంపుగా ఉండదు. మనకు మిగిలేవి పరిమాణం, మందం, రంగు. వీటితోనే దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, ఏరు, కొండ వేరుచేయాలి. సాధ్యమే, కానీ ఎవరైనా కూర్చుని చేయాలి. ఇంగ్లిష్ పటం శైలిలో ఫాంటు మాత్రం మార్చితే రాదు.

ఎత్తు సంగతి చూడండి. ‘శ్రీకాకుళం’ రాయాలంటే మొదటి అక్షరానికే పైన గుడి దీర్ఘం, కింద రావత్తు కావాలి. ‘తాడేపల్లిగూడెం’ నడుమ లావత్తు కిందికి దిగుతుంది. ‘భద్రాద్రి కొత్తగూడెం’ రెండు వరుసల్లో రాస్తే పై వరుస రావత్తులూ కింద వరుస ఒత్వ, ఎత్వాలూ ఢీకొంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల దూరం మనకు చాలదు. పరిమాణం కూడా అంతే. పది పిక్సెళ్ల ఎత్తులో రోమన్ అక్షరం చదవవచ్చు, తెలుగులో ద-ధ, ప-ఫ, డ-ఢ తేడా చెప్పే చిన్న గీత మాయమవుతుంది. పేరు చుట్టూ తెల్లని అంచు వేయడం పటాల్లో మామూలు. రోడ్ల మీద పడ్డ పేరు చదవడానికి అది అవసరం. మన గుండ్రని అక్షరాల్లో ఆ అంచు మందమైతే ఒక అక్షరం అంచు పక్క అక్షరాన్ని తినేస్తుంది. కాబట్టి తెలుగు పేరు ఇంగ్లిష్ పేరు కంటే ఒకటి రెండు సైజులు పెద్దగా, సన్నని అంచుతో ఉండాలి. చోటు ఎక్కువ తీసుకుంటుంది కాబట్టి ఒక్కో జూమ్ మెట్టులో పేర్ల సంఖ్య తగ్గించాలి.

ఏటి వంపు వెంబడి పేరు రాసే సూత్రం మన దగ్గర జాగ్రత్తగా వాడాలి. గీత విల్లులా పైకి వంగితే అక్షరాల అడుగులు దగ్గరపడి ఒత్తులు ఢీకొంటాయి. గిన్నెలా కిందికి వంగితే తలలు దగ్గరపడి గుడులు ఢీకొంటాయి. గోదావరి లాంటి ఒత్తుల బరువు లేని పేర్లు వంపును కొంత తట్టుకుంటాయి. ‘స్వర్ణముఖి’ తట్టుకోదు. సముద్రాల పేర్లను రోమన్‌లో అక్షరాల మధ్య జాగా ఇచ్చి సాగదీస్తారు. తెలుగులో అలా చేస్తే పేరు ముక్కలై ఏ ముక్కకు ఆ ముక్క నిలబడుతుంది. బంగాళాఖాతం అని పెద్దగా, లేత నీలంలో, దగ్గరగానే రాయడం మేలని నా అభిప్రాయం.

ఇవి కంటికి కనిపించే కష్టాలు. వీటికంటే ముందే, లోపల ఒకచోట తెలుగు విరిగింది. పాత పద్ధతిలో పలకలు సర్వర్‌లోనే బొమ్మలుగా తయారయ్యేవి. అక్కడ హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒత్తులనూ గుణింతాలనూ సరిగ్గా కూర్చేది. 2010లలో మ్యాప్‌బాక్స్ అనే కంపెనీ తెచ్చిన వెక్టర్ పలకల పద్ధతిలో, తరవాత దాన్ని కొనసాగించిన మ్యాప్‌లిబ్రెలో, పేరు బ్రౌజర్లో గీస్తారు. అందుకోసం యూనికోడ్ సంఖ్య ఒక్కోదానికి ఒక్కో అక్షరం బొమ్మ ముందే సిద్ధం చేసి పంపుతారు. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లున్నాయి. ఒత్తులకు అందులో విడి గళ్లు లేవు, హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే కూర్చే యంత్రం ఒత్తుగా మార్చుకోవాలి. కూర్చే యంత్రం ఇక్కడ లేదు. ఒత్తులు లేని టైపుల పెట్టె ఇచ్చి తెలుగు కంపోజ్ చేయమన్నట్టయింది. ‘కర్నూలు’లో నావత్తు కింద చేరదు, పొల్లు విడిగా నిలుస్తుంది, కొమ్ములు పక్కకు జరిగి తేలుతుంటాయి. అరబిక్ లిపికి ప్రత్యేకంగా ప్లగిన్ వచ్చింది, చైనా అక్షరాలకు ఈ చిక్కే లేదు. హిందీ, తెలుగు, కన్నడ, ఖ్మేర్ లాంటి లిపులకు అది ఏళ్ల తరబడి మొండి సమస్యగా నిలిచింది. ఆ సాఫ్ట్‌వేర్ల మీద కట్టిన చాలా వెబ్‌సైట్లు దీన్ని దాటడానికి తీసుకున్న మార్గం ఒకటే: పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంచేయడం. తెలుగు పటం లేకపోవడానికి తెలుగువారికి అక్కర లేకపోవడం కారణమని అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

గూగుల్ తన సొంత ఇంజిన్‌తో తెలుగు సరిగ్గానే గీస్తుంది. 2021 జనవరిలో తెలుగు సహా పది భారతీయ భాషల్లో స్థలాల పేర్లను యంత్రంతో లిప్యంతరీకరణ చేస్తున్నట్టు ప్రకటించింది. మేలే. కానీ ఇంగ్లిష్ స్పెల్లింగులో త-ట, ద-డ, ల-ళ విడిపడవు, అచ్చు పొట్టిదో పొడుగుదో తెలియదు. బ్యాంకు, ఆసుపత్రి లాంటి పేర్లకు యంత్రం సరిపోతుంది. పల్లె పేరుకు ఆ పల్లెవారే కావాలి.

తెలియనితనాన్ని చూపడం అన్నిటికంటే కష్టమైన పని, ప్రాణాలతో ముడిపడినది కూడా. తుపాను వస్తున్నప్పుడు దారి గీతకు ఇరువైపులా విచ్చుకునే శంకువు ఒకటి చూపుతారు. తుపాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో అది చెబుతుంది. అమెరికా హరికేన్ కేంద్రం తన శంకువును, గత అయిదేళ్ల అంచనాల్లో జరిగిన తప్పులను బట్టి, తుపాను కేంద్రం మూడింట రెండు వంతుల సార్లు లోపలే ఉండేలా గీస్తుంది. చూసేవారిలో చాలామంది దాన్ని తుపాను ఆకారం అనుకుంటారు. రోజులు గడిచే కొద్దీ తుపాను ఉబ్బుతుందని, శంకువు బయట ఉన్న ఊరు క్షేమమని అర్థం చేసుకుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా దెబ్బతిన్నాయి. కేంద్రం దాటే చోటు ఒకటే, గాలి, వాన, ఉప్పెన పడే చోటు వేరే, చాలా పెద్దది. నాకు మెరుగ్గా తోచిన పద్ధతి శంకువు వదిలి, ఒక్కో మండలానికి ఏ వేగంతో గాలి, ఎంత వాన, ఎన్నింటికి అన్నది చూపడం. జనానికి కావలసింది తుపాను ప్రయాణం కాదు, తమ ఊరి సంగతి. ఫోన్లో మనమున్న చోటు చూపే నీలి చుక్క చుట్టూ ఉండే లేత వలయం ఇలాంటి నిజాయితీకి మంచి నమూనా. ‘ఇక్కడే’ అనకుండా ‘ఈ చుట్టుపక్కల’ అంటుంది, సిగ్నల్ బాగుపడే కొద్దీ కుంచించుకుంటుంది.

కొండల నీడల గురించి ఒక మాట. వెలుగు వాయవ్యం నుంచి పడుతున్నట్టు నీడ వేయడం ఆనవాయితీ. మన అక్షాంశాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ దక్షిణం వైపు నుంచే వస్తుంది. అయినా పటంలో కింది వైపు నుంచి వెలుగు వేస్తే కన్ను కొండను లోయగా చదువుతుంది. పొద్దున తీసిన ఉపగ్రహ చిత్రాల్లో నల్లమల లోయలు గట్లలా కనబడటానికి ఇదే కారణం. ఇక దేశ సరిహద్దులకు సౌందర్య సూత్రాలు వర్తించవు, చట్టం వర్తిస్తుంది. ఒకే కంపెనీ పటం కశ్మీర్ గీతలను మన దేశంలో ఒక రకంగా, బయట ఇంకో రకంగా చూపుతుంది.

చివరగా ఎండ. ప్రయోగశాలల్లో తేలిన ఈ సూత్రాలన్నీ చల్లని గదిలో మంచి తెర మీద చూసినవి. మే నెల మధ్యాహ్నం బండి హ్యాండిల్‌కు బిగించిన పగిలిన ఫోన్లో పటం చూసే డెలివరీ కుర్రాడికి లేత బూడిద మీద తెల్లని రోడ్డు కనబడదు. వెబ్ ప్రమాణాలు అక్షరానికీ నేపథ్యానికీ కనీసం 4.5:1 తేడా, గుర్తులకు 3:1 తేడా ఉండాలంటాయి. ఎండలో అదీ చాలదు. చీకట్లో కళ్లు చెదరకుండా రాత్రి రంగులు ఇచ్చినట్టే, పట్టపగటి కోసం గట్టి రంగుల పటం ఒకటి ఇవ్వాలి.

పత్రికల గ్రాఫిక్స్ విభాగాలకూ, ప్రభుత్వ డ్యాష్‌బోర్డులు కట్టేవారికీ నా విన్నపం ఇది. జిల్లాకు రంగు వేసేముందు అది రేటా, మొత్తమా అని అడగండి. కలర్‌బ్రూవర్ తెరిచి చూడండి. పేర్లు తెలుగులో పెట్టండి, పెట్టాక ‘కర్నూలు’, ‘శ్రీకాకుళం’, ‘స్వర్ణముఖి’ ఈ మూడూ సరిగ్గా వచ్చాయో లేదో చూసి మరీ విడుదల చేయండి. పాఠకులకు ఇంకో పని ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ తెలుగు పేరు రాసే గడి విడిగా ఉంది, ఎంతో చోట్ల అది ఖాళీగా ఉంది. ఖాతా తెరవడానికి డబ్బు అక్కర్లేదు. మీ ఊరి పేరు, మీ చెరువు పేరు, మీ వాగు పేరు మీరే రాయండి.